ఊహలు పండే చోటు

ఈ సంచికను చేతిలోకి తీసుకోగానే ముందుగా మీ కంటబడేవి మా వ్యాసాలూ కవితలూ కావు, ప్రకటనలు. ఒక పేజీలో ఎరువుల కొట్టు, ఇంకో పేజీలో బట్టల షాపు, వెనక అట్ట మీద ఎవరో దాతలు. అందరిదీ ఒకటే మాట, "శుభాకాంక్షలతో". ఆ మాట రాయడానికి ఎవరూ బుర్ర బద్దలుకొట్టుకోనక్కర్లేదు. కాని రోడ్డు పక్క హోర్డింగుల మీదా, టీవీలోనూ, చేతిలోని ఫోనులోనూ పొద్దస్తమానం మనల్ని పలకరించే ప్రకటనలు అలా పుట్టవు. ఒక సబ్బు గురించో, స్కూటరు గురించో నలుగురికీ గుర్తుండిపోయేలా చెప్పడం కోసమే జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకుని నడిచే సంస్థలున్నాయి. వాటినే అడ్వర్టైజింగ్ ఏజెన్సీలంటారు. మాట రాసేవారిని కాపీరైటర్ అనీ, బొమ్మ సంగతి చూసేవారిని ఆర్ట్ డైరెక్టర్ అనీ పిలుస్తారు.

బి.ఎస్సీ. చదివేవాడికి, అందులోనూ రైతు కొడుక్కి, ఈ గొడవ దేనికని మీరడగవచ్చు. కారణం ఉంది. మన కాలేజీలో ఏటా ఇద్దరు ముగ్గురైనా చక్కగా బొమ్మలు వేసేవాళ్ళూ, చమత్కారంగా రాసేవాళ్ళూ తేలుతూ ఉంటారు. సంచికకు అట్ట వేసేది వాళ్ళే, యూనియన్ ఎన్నికలప్పుడు నినాదాలు కట్టేదీ వాళ్ళే. వాళ్ళలో కొందరు డిగ్రీ కాగానే హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఇలాంటి సంస్థల్లో చేరుతున్నారు. ఏడాది తిరక్కుండానే కొందరు మానేసి వచ్చేస్తున్నారు. పేర్లెందుకు లెండి. వచ్చినవాళ్ళు బ్యాంకు పరీక్షలకు కూర్చుంటున్నారు, బొమ్మ వెయ్యమంటే విసుక్కుంటున్నారు. ఉద్యోగం మానుకోవడం పెద్ద సంగతి కాదు. ఆ చెయ్యి ఆగిపోయిందే, అదీ నాకు బాధ. తప్పు వీళ్ళదా, ఆ చోటుదా అని తెలుసుకోవాలనిపించి కొంత చదివాను. చదివింది మీకు చెబుతాను.

మొదట ఒక తేడా చూడండి. రైతుకు పొలం ఆస్తి. వాన కురిసినా కురవకపోయినా పొలం ఎక్కడికీ పోదు. మిల్లు యజమానికి యంత్రాలున్నాయి. పనివాళ్ళు మానేసినా యంత్రం ఉన్నచోటే ఉంటుంది. ప్రకటనల సంస్థకు పొలమూ లేదు, యంత్రమూ లేదు. దాని ఆస్తల్లా ఓ యాభైమందో వందమందో మనుషుల బుర్రలు. ఒక పొద్దున్న పొలమే లేచి గట్టు దాటి పక్కవాడి కమతంలో కలిసిపోతే రైతు గతి ఏమిటి? ఈ వ్యాపారంలో ఆ పని తరచూ జరుగుతుంది. అంచేత మంచివాళ్ళను రప్పించుకోవడం, వచ్చినవాళ్ళను నిలుపుకోవడం వాళ్ళకు చావుబతుకుల సమస్య.

ఈ విషయంలో మొదట చెప్పుకోవలసిన మనిషి న్యూయార్కులో పనిచేసిన బిల్ బెర్న్‌బాక్. ఆయన గ్రే అనే ఏజెన్సీలో ఉంటూ 1947లో తన యజమానులకు ఒక ఉత్తరం రాశాడు. మనం పెద్దవాళ్ళమవుతున్నాం, దాంతోపాటు సూత్రాల పిచ్చి కూడా పట్టుకుంటోంది, కొత్తదారి తొక్కేవాళ్ళను తెచ్చుకుందాం అని దాని సారాంశం. 1949లో నెడ్ డాయిల్, మాక్స్‌వెల్ డేన్ అనే ఇద్దరితో కలిసి సొంత సంస్థ పెట్టుకున్నాడు. గ్రేలో తనతో పనిచేసిన ఆర్ట్ డైరెక్టర్ బాబ్ గేజ్, రచయిత్రి ఫిలిస్ రాబిన్సన్ కూడా ఆయన వెంట వచ్చేశారు. పొలం గట్టు దాటడమంటే ఇదే.

అప్పటిదాకా ఉన్న పద్ధతి ఏమిటంటే, రచయిత తన గదిలో కూర్చుని మాటలు రాసేవాడు. ఆ కాగితం బొమ్మల విభాగానికి వెళ్ళేది. అక్కడివాళ్ళు దానికి తగ్గ బొమ్మ అతికించేవాళ్ళు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవలసిన పనే లేదు. బెర్న్‌బాక్ చేసింది ఒక చిన్న మార్పు. ఇద్దర్నీ ఒక గదిలో కూర్చోబెట్టాడు. మాట ఎవరు అన్నారో, బొమ్మ ఎవరికి తట్టిందో తేలకుండా ఆలోచన పుట్టడం మొదలైంది. ఎద్దుల జత కట్టడం గురించి మా తాతయ్య ఇలాంటి సంగతే చెప్పేవాడు. ఎలపటి ఎద్దూ దాపటి ఎద్దూ రెండూ బలమైనవే కావచ్చు, నడక కలవకపోతే చాలు వంకరపోతుందనేవాడు. (ట్రాక్టర్లు వచ్చాక ఎలపట, దాపట అనే మాటలే మా ఊళ్ళో వినపడ్డం లేదు.)

ఆ గదుల్లోంచి వచ్చిందే 1959 నాటి ఫోక్స్‌వాగన్ ప్రకటన. అమెరికాలో అందరూ పడవలంత కార్ల కోసం ఎగబడుతున్న రోజులవి. హెల్మట్ క్రోన్ అనే ఆర్ట్ డైరెక్టరూ, జూలియన్ కోనిగ్ అనే రచయితా కలిసి పేజీ అంతా ఖాళీగా వదిలేసి, ఒక మూల బొటనవేలంత కారు బొమ్మ పెట్టి, మా కారు చిన్నదే అని ఒప్పేసుకున్నారు. డబ్బిచ్చి కొన్న పేజీని ఖాళీగా వదలడమంటే ఎంత గుండెధైర్యం కావాలో ఆలోచించండి. 1999లో అడ్వర్టైజింగ్ ఏజ్ అనే పత్రిక ఆ శతాబ్దపు ప్రకటనలన్నిటిలో దీనికే మొదటి స్థానం ఇచ్చింది.

ఇద్దరు కూర్చుంటే ఇంత మేలు జరిగింది గదా, ఇరవైమందిని కూర్చోబెడితే ఇంకెంత జరుగుతుందోనని మీకు అనిపించవచ్చు. అలా అనుకున్న పెద్దమనిషి ఉన్నాడు. బి.బి.డి.ఓ. అనే ఏజెన్సీలో భాగస్వామి, ఆ పేరులో చివరి అక్షరానికి సొంతదారు అలెక్స్ ఆస్బర్న్. అందరూ గుమిగూడి, ఎవరి మాటా ఎవరూ కొట్టిపారెయ్యకుండా, నోటికొచ్చిన ఊహలన్నీ చెప్పెయ్యడమనే బ్రెయిన్‌స్టార్మింగ్ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది ఆయనే. సైన్సు విద్యార్థులం కనక మనం అడగవలసింది, ప్రయోగం చేసి చూశారా అని. చేశారు. 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో 96 మంది విద్యార్థులను తీసుకుని, అందులో 48 మందిని నలుగురేసి చొప్పున 12 గుంపులు చేశారు. మిగతా 48 మంది ఎవరికి వారు ఒంటరిగా ఆలోచించారు. తర్వాత ఒంటరివాళ్ళ జవాబుల్ని కూడా కాగితం మీద నాలుగేసి కలిపి పోల్చి చూశారు. ఊహల సంఖ్యలోనూ, కొత్తదనంలోనూ ఒంటరిగా ఆలోచించినవాళ్ళదే పైచెయ్యి అయింది. కారణం ఊహించడం కష్టం కాదు. నలుగురిలో ఒకడు మాట్లాడుతుంటే ముగ్గురు ఆగాలి. ఆగేసరికి తట్టింది కాస్తా జారిపోతుంది. నవ్వుతారేమోనని జంకు వేరే. ఇప్పటికీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా మీటింగులు పెట్టి, పని మాత్రం రాత్రికి చేసుకోమనే ఆఫీసులున్నాయని మానేసి వచ్చినవాళ్ళు చెబుతున్నారు. యేల్ ప్రయోగం జరిగి అరవై ఏళ్ళు దాటింది మరి.

ఇహ నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించిన సంగతికి వస్తాను. ఊహలతో పనిచేసేవాడు దేన్ని భరించలేడు? చాకిరీని భరిస్తాడు, కొంతవరకు తక్కువ జీతాన్నీ భరిస్తాడు. తాను కన్నది వికలాంగమై బయటికి రావడాన్ని భరించలేడు. ఒక మాట మేనేజరు మారుస్తాడు, రంగు డైరెక్టరుగారి భార్యకు నచ్చదు, అక్షరాలు పెద్దవి చెయ్యమని క్లయింటు పట్టుబడతాడు. చివరికి అచ్చయినదాన్ని చూపించి ఇది నాది అని ఇంట్లో చెప్పుకోవడానికే సిగ్గుపడతాడు.

దీనికి మందేమిటో రెండు ఉదాహరణలు చెబుతాయి. 1962లో ఆవిస్ అనే అద్దెకార్ల కంపెనీకి రాబర్ట్ టౌన్‌సెండ్ అధిపతి అయ్యాడు. కంపెనీ ఏళ్ళ తరబడి నష్టాల్లో ఉంది. బెర్న్‌బాక్ దగ్గరికి వెళ్ళి, నా దగ్గర డబ్బు తక్కువ, ఫలితం ఎక్కువ కావాలన్నాడు. బెర్న్‌బాక్ పెట్టిన షరతు ఏమిటంటే, మీ వ్యాపారం నేర్చుకోవడానికి మూడు నెలలివ్వండి, తర్వాత మావాళ్ళు రాసింది రాసినట్టు వెయ్యండి, ఒక్క అక్షరం మార్చవద్దు. టౌన్‌సెండ్ ఒప్పుకున్నాడు. పౌలా గ్రీన్ అనే ఆవిడ రాసిన ప్రకటనలో, మేము రెండో స్థానంలో ఉన్నాం, కాబట్టి ఎక్కువ కష్టపడతాం అని కంపెనీ తన లోటును తానే చెప్పుకుంది. ఏ కంపెనీ కమిటీ ముందు పెట్టినా చించి పారేసే మాట అది. ఆవిస్ లాభాల్లోకి వచ్చింది.

రెండోది మన దేశానిది, నాకు మరీ దగ్గరిది, ఎందుకంటే పాడి రైతులది. గుజరాత్‌లోని ఆనంద్‌లో 1946లో మొదలైన పాల సహకార సంఘపు వెన్న అమూల్. 1966లో దాని ప్రకటనల పని సిల్వెస్టర్ డాకున్హా చేతికి వచ్చింది. యూస్టేస్ ఫెర్నాండెజ్ చుక్కల గౌనుతో ఒక చిన్న పిల్ల బొమ్మ గీశాడు. ఊళ్ళో జరిగే సంగతి మీద ఆ పిల్ల ఏదో కొంటెమాట అంటుంది, అదే ప్రకటన. క్రికెట్, ఎన్నికలు, సినిమా, ధరలు, దేన్నీ వదల్లేదు. సంఘం నడిపే వర్గీస్ కురియన్ అప్పుడొక పని చేశాడు. ప్రకటన వేసేముందు నాకు చూపించనక్కర్లేదు, మీ ఇష్టం అన్నాడు.

ఇందులో ఉదారత ఒక్కటే లేదు, లెక్క కూడా ఉంది. వార్త పాలలాంటిది, పొద్దున్న తీసింది సాయంత్రానికి విరిగిపోతుంది. బొంబాయిలో రాసినది ఆనంద్‌కు వెళ్ళి, నాలుగు బల్లలు తిరిగి, సంతకమై వచ్చేసరికి ఆ కొంటెమాట ఎవరికీ నవ్వు తెప్పించదు. నమ్మకం ఉన్నచోటే వేగం ఉంటుంది. ఆ నమ్మకానికి ఫలం చూడండి. సిల్వెస్టర్ తర్వాత ఆయన కొడుకు రాహుల్ డాకున్హా ఆ పని చేపట్టాడు. రాసే మనీష్ ఝవేరీ, గీసే జయంత్ రాణే ఆయనతోపాటు కొన్ని దశాబ్దాలుగా అదే పని చేస్తూ వచ్చారు. మూడు నాలుగేళ్ళకోసారి మనుషులు మారిపోయే వృత్తిలో ఇది అరుదు. కురియన్ 2012లో పోయాడు, సిల్వెస్టర్ 2023లో పోయాడు, ఆ పిల్ల మాత్రం ఇంకా మాట్లాడుతూనే ఉంది. పాలు పోసే రైతులు వేరెవరో రాసే మాటల మీద ఇంత నమ్మకం పెట్టుకోగలిగితే, సూటూ బూటూ వేసుకున్న కంపెనీలకేమొచ్చిందో నాకర్థం కాదు.

కొన్ని సంస్థలు ఈ కష్టమైన పని మానేసి కుర్చీలు మారుస్తాయి. రంగురంగుల గోడలు, ఊగే సోఫాలు, ఆటబల్లలు. ఈ వరసలో అందరికంటే దూరం వెళ్ళినవాడు లాస్ ఏంజిలిస్‌లోని జే షియాట్. సామాన్యుడు కాదు. 1984లో ఆపిల్ మాకింటాష్ కంప్యూటరుకు పేరు తెచ్చిన ప్రకటన ఆయన సంస్థదే. ఆయనకు 1993లో ఒక ఊహ వచ్చింది. ఎవరికీ సొంత బల్లా, సొంత గదీ ఉండకూడదు. పొద్దున్నే కౌంటరులో ఒక ఫోను, ఒక లాప్‌టాప్ తీసుకోవాలి, ఎక్కడ చోటుంటే అక్కడ కూర్చోవాలి, సాయంత్రం తిరిగి ఇచ్చెయ్యాలి. సొంత వస్తువులకు ఒక లాకరు. 1994లో అమలుచేశారు. ఏం జరిగిందంటే ఫోనులూ లాప్‌టాప్‌లూ చాల్లేదు. కొందరు తెల్లారేసరికే వచ్చి తీసుకుని దాచిపెట్టడం మొదలుపెట్టారు. కాగితాలు కారు డిక్కీలో పెట్టుకున్నారు. ఒకావిడైతే పిల్లల ఆటబండిలో ఫైళ్ళు వేసుకుని ఆఫీసంతా ఈడ్చుకు తిరిగింది. 1995లో సంస్థ చేతులు మారింది. 1998లో కొత్త భవనానికి వెళ్ళినప్పుడు ఎవరి చోటు వాళ్ళకు తిరిగి ఇచ్చారు.

మా గొడ్ల చావిట్లో అయిదు గేదెలున్నాయి. సాయంత్రం మేతనుంచి రాగానే ఏ గేదె దాని గుంజ దగ్గరికే వెళ్ళి నిలబడుతుంది. ఎవరూ చెప్పక్కర్లేదు. పొరపాటున వేరేదాన్ని అక్కడ కట్టేస్తే ఆ పూట పాలు సరిగా చేపదు. మనిషిని గేదెతో పోల్చాననుకోవద్దు. ధ్యాస కుదిరితేగాని లోపలున్నది బయటికి రాదన్నది ఇద్దరికీ ఒకటే.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. 1985లో తెరెసా అమాబిలే అనే మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు 72 మంది రచయితలతో చిన్న కవితలు రాయించింది. రెండో కవిత రాసేముందు కొందరిచేత డబ్బు, పేరు, మెప్పు లాంటి కారణాలున్న పట్టికను చదివించింది. మరికొందరిచేత రాయడంలోని ఆనందానికి సంబంధించిన పట్టికను చదివించింది. ఎవరిది ఏదో తెలియని కవులు వాటికి మార్కులు వేస్తే, డబ్బూ పేరూ తలుచుకుని రాసినవాళ్ళ కవితలు బాగా తగ్గాయి. కొన్ని నిమిషాల తలంపుకే అంత తేడా. అయితే ఇది చూపించి జీతాలు కొయ్యాలనుకునే యజమానులకు ఒక మాట. అద్దె కట్టలేనివాడికి పగలూ రాత్రీ డబ్బు తలంపే ఉంటుంది. ఆ తలంపు లేకుండా చెయ్యడానికే సరైన జీతం.

పదవి, గౌరవం వేరే లెక్క. మేరీ వెల్స్ అనే రచయిత్రి బెర్న్‌బాక్ దగ్గర పని నేర్చుకుని, 1964లో ఇంకో సంస్థకు వెళ్ళింది. అక్కడ అధికారం చేతికిచ్చారుగాని ప్రెసిడెంటు అన్న పేరు ఇవ్వడానికి వెనకాడారు, ఆడమనిషిని ఆ కుర్చీలో చూడ్డానికి లోకం సిద్ధంగా లేదని. 1966లో ఆవిడ ఇద్దరు సహచరులను తీసుకుని బయటికి నడిచి సొంత ఏజెన్సీ పెట్టింది. న్యూయార్కు స్టాక్ ఎక్స్‌ఛేంజిలో నమోదైన కంపెనీకి అధిపతి అయిన మొదటి మహిళగా పేరు తెచ్చుకుంది. కుర్చీ మీద అంటించే ఒక చీటీ ఇవ్వడానికి మనసొప్పక ఆ సంస్థ ఎంత పోగొట్టుకుందో చూడండి. ఈ సంచిక సంపాదకవర్గం వారికి కూడా మనవి, అట్టబొమ్మ వేసినవారి పేరు ఈసారైనా కనబడే అక్షరాల్లో వెయ్యండి.

ఇప్పుడు చెప్పబోయేది రాయడానికి కష్టంగా ఉంది, కాని రాయకపోతే ఈ వ్యాసం రాసి ప్రయోజనం లేదు. జపాన్‌లో డెంట్సు అని చాలా పెద్ద ప్రకటనల సంస్థ ఉంది. 1951లో దాని అధిపతి ఉద్యోగులకు పది సూత్రాలు రాసి ఇచ్చాడు. పట్టిన పనిని చంపినా వదలవద్దన్నది వాటిలో ఒకటి. అరవై ఏళ్ళకు పైగా ఆ సూత్రాలు ఉద్యోగుల చేతిపుస్తకంలో అచ్చవుతూ వచ్చాయి. టోక్యో విశ్వవిద్యాలయంలో చదువుకున్న ఒక అమ్మాయి 2015 ఏప్రిల్‌లో అక్కడ చేరింది. ఒక నెలలో వంద గంటలకు పైగా అదనపు పని చేసింది. ఆ డిసెంబరులో ప్రాణం తీసుకుంది. వయసు 24 ఏళ్ళు, మనకంటే నాలుగేళ్ళు పెద్ద. అధిక పనే కారణమని 2016లో ప్రభుత్వ కార్మిక శాఖ తేల్చింది. సంస్థ రాత్రి పది గంటలకు దీపాలు ఆర్పడం మొదలుపెట్టింది, ఆ సూత్రాలను చేతిపుస్తకం నుంచి తీసేసింది, అధిపతి రాజీనామా చేశాడు. 2017లో కోర్టు సంస్థకు అయిదు లక్షల యెన్‌ల జరిమానా వేసింది. మన డబ్బులో అప్పటికి ఓ మూడు లక్షల రూపాయలు.

పనిమీద పిచ్చి ఉన్నవాణ్ణి వాడుకోవడం చాలా తేలిక. ఆపమన్నా ఆపడు. అంచేతనే ఆపే బాధ్యత నడిపేవాడి మీద ఉంటుంది. నాగలి లాగే ఎద్దు తనంతట తాను ఆగదు, మధ్యాహ్నం కాడి విప్పవలసింది రైతే. ఎండాకాలం దుక్కిలో అది తెలియని రైతు మా ఊళ్ళో లేడు.

ఇంతకూ మనవాళ్ళ సంగతేమిటి? టీవీలో చూసే తెలుగు ప్రకటనల్లో చాలావాటికి ఆలోచన బొంబాయిలోనో ఢిల్లీలోనో పుడుతుంది, హిందీలోనో ఇంగ్లీషులోనో రాయబడుతుంది. ఇక్కడి కుర్రవాడికి అందేది తర్జుమా. పెదవుల కదలికకు సరిపడేలా మాట కుదించమంటారు. సామెత తెలిసినవాడికీ, పలుకుబడి తెలిసినవాడికీ అక్కడ పనేముంది? మానేసి వచ్చినవాళ్ళలో ఇద్దరు చెప్పింది ఇదే. జీతం గురించి వాళ్ళు ఫిర్యాదు చెయ్యలేదు.

ఇది మారనిదేమీ కాదు. హిందీకి కూడా ఒకప్పుడు ఇదే గతి. ఇంగ్లీషులో ఆలోచించి హిందీలోకి దించేవాళ్ళు. జయపురంలో పుట్టి, రంజీ క్రికెట్ ఆడి, టీ రుచి చూసే ఉద్యోగం చేసిన పీయూష్ పాండే 1982లో ఓగిల్వీలో చేరాడు, అదీ క్లయింట్లతో మాట్లాడే విభాగంలో. రాయడం అతని పని కాదు. కాని రాస్తానంటే రాయనిచ్చారు, కొన్నేళ్ళకు ఆ విభాగంలోకే మార్చారు. వీధిలో మాట్లాడే హిందీని అతను ప్రకటనల్లోకి తెచ్చాడు. ఫెవికాల్, క్యాడ్‌బరీ ప్రకటనలు మనకు భాష రాకపోయినా గుర్తున్నాయి గదా. 1988లో దూరదర్శన్‌లో వచ్చిన "మిలే సుర్ మేరా తుమ్హారా" రాసింది కూడా అతనే. నలభై ఏళ్ళకు పైగా ఆ ఒక్క సంస్థలోనే ఉన్నాడు. 2025 అక్టోబరులో చనిపోయాడు. మొదటిరోజు అతికించిన చీటీనిబట్టి, నువ్వు రాసేవాడివి కాదు గదా అని ఎవరైనా అని ఉంటే, అతను ఇంకో దారి చూసుకునేవాడు.

ఈ సంవత్సరం మన బ్యాచిలో ఎవరైనా అలాంటి సంస్థలకు వెళ్ళబోతుంటే, జీతమెంతని ఎలాగూ అడుగుతారు. దానితోపాటు మరికొన్ని కూడా మొహమాటపడకుండా అడగండి. నేను రాసింది బయటికి వెళ్ళేలోగా ఎంతమంది చేతులు పడతాయి? తెలుగులో మొదటినుంచీ ఆలోచించే పని ఏడాదికి ఎన్ని వస్తాయి, తర్జుమాలెన్ని? నాకు జోడీ ఎవరు, వాళ్ళను ఒకసారి చూడవచ్చా? మీ దగ్గర అందరికంటే ఎక్కువకాలంగా ఉన్న రచయిత ఎవరు, నిన్న రాత్రి ఎన్నింటికి ఇంటికి వెళ్ళారు?